చింతగింజల డబ్బా

మా మామ చనిపోయి ఇరవై రెండు రోజులైంది. ములుగు రోడ్డు మీద మా ఇంటి ముందున్న రేకుల షెడ్డు దగ్గర ఇంకా బండ్లు ఆగుతూనే ఉన్నాయి. వచ్చినవాళ్ళు హారన్ కొడతారు. మా ఆయన ట్రాలీ ఆటో వేసుకుని పొద్దున్నే మిర్చి మార్కెట్‌కు పోతాడు. అత్తమ్మ వాకిట్లోకి రావడం లేదు. అందుకని బయటికి వచ్చి ఆ మాట చెప్పడం నా వంతయింది.

“మామ లేడన్నా.”

“ఎప్పుడొస్తడమ్మా?”

మొదటి రోజు ఇలా అడిగినప్పుడు తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాను. ఆ వచ్చినాయనే షెడ్డులో బోర్లించి ఉన్న స్టూలును చూసి అర్థం చేసుకున్నాడు. “అయ్యో, మొన్ననే గద నా బండి జూసిండు” అని, స్టార్ట్ చేయకుండానే బండిని నెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

మీలో కొందరి బండ్లయినా ఆయన చేతిలో పడి ఉంటాయి. మీకు ఆయన మెకానిక్. నాకు మామ. పెళ్ళయి వచ్చిన ఈ నాలుగేళ్ళలో నేను ఆయనతో నేరుగా మాట్లాడింది ఒక్కరోజే. ఆ ఒక్క రోజు గురించి రాయకపోతే నాకు నెమ్మది ఉండేలా లేదు.

మాది డోర్నకల్ పక్కన చిన్న ఊరు. మామ ఎదుట కోడలు కూర్చోకూడదు, నోరు తెరిచి మాట్లాడకూడదు అన్నది మా అమ్మవాళ్ళ పద్ధతి. ఇక్కడ నన్ను ఎవరూ అలా ఉండమనలేదు. కానీ నాకు మొదటి నుంచీ సిగ్గు ఎక్కువ. ఆ పద్ధతి చాటున దాక్కోవడం నాకు సుఖంగా ఉండేది. ఆయన వస్తే తలుపు వెనక్కి జరిగేదాన్ని. చెప్పాల్సింది అత్తమ్మకు చెప్పేదాన్ని, ఆమె ఆయనకు చెప్పేది. ముగ్గురమూ రెండు గజాల లోపలే ఉండేవాళ్ళం.

“నేనేమన్న టెలిఫోనా మీ ఇద్దరి నడుమ?” అని అత్తమ్మ విసుక్కునేది.

“ఉండనియ్యే. మాట్లాడే కోడండ్లు ఊరి నిండ ఉన్నరు” అనేవాడు ఆయన.

ఆయన దగ్గరికి ఎక్కువగా ఒక రకం జబ్బు ఉన్న బండ్లు వచ్చేవి. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున మొదటిసారి స్టార్ట్ చేస్తే గరగరమని చప్పుడు. రెండు మూడు క్షణాలు, అంతే. ఇంజన్ వేడెక్కితే ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. ఇలాంటి బండిని నలుగురు మెకానిక్కులకు చూపించి, నలుగురి దగ్గరా నాలుగు మాటలు విని, చివరికి మా షెడ్డుకు వచ్చేవాళ్ళు. అలా వచ్చినవాళ్ళను ఆయన మొదట తిట్టేవాడు.

లెక్కల సారు కారు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. బడి నుంచి రిటైరై హనుమకొండలో ఉంటున్న పెద్దమనిషి. మధ్యాహ్నం పూట కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఇంజన్ ఆపకుండానే దిగాడు.

“పొద్దున మస్తు సప్పుడు జేస్తాంది. ఇప్పుడు జూడుమంటే సైలెంట్‌గ ఉంది. ఇంజన్ మొత్తం విప్పాలె అంటున్నరు అందరు” అన్నాడు సారు.

మామ బానెట్ మీద చేయి పెట్టి చూశాడు. పిల్లల జ్వరం చూసినట్టు ఆయన ఎప్పుడూ చేతిని వెనక్కి తిప్పే పెట్టేవాడు.

“ఏం సారూ, పెండ్లిపిల్లను తయారు జేసినట్టు జేసి తీస్కొచ్చినవు? తానం బోయించి, పౌడర్ రాసి తెస్తే నాకేం కనవడుతది? సల్లవడ్డ బండే నిజం జెప్తది. వేడెక్కినంక అబద్ధాలే.”

“మరి ఏం జెయ్యాలె?”

“రాత్రికి ఈడ్నే ఇడిసిపెట్టు. తాళం నీ దగ్గర్నే పెట్టుకో. పొద్దుగాల నువ్వే వచ్చి స్టార్ట్ జెయ్యి. నడుమ ఎవ్వలు ముట్టద్దు.”

ఇది ఆయన పద్ధతి. అలాంటి ఏ బండినైనా రాత్రంతా ఆగి ఉంటే తప్ప చూసేవాడు కాదు. తొందర ఉన్నవాళ్ళు వేరే చోటికి పొమ్మన్నా పోయేవాళ్ళు కాదు. తిట్లు తిని, తాళం జేబులో వేసుకుని, ఆటో ఎక్కి ఇంటికి పోయేవాళ్ళు.

అయితే ఆయనకు ఒక కష్టం ఉండేది. నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడి ఆయన చెవులు మొద్దుబారాయి. మాటలు వినపడేవి గానీ, ఇంజన్ హోరులో ఏ చప్పుడు ఏదో విడిగా తెలిసేది కాదు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవి వెనకాల ఎముకకు పెట్టుకుంటే అన్నీ వినిపించేవి. కానీ పొద్దుటి చప్పుడు రెండు మూడు క్షణాలే ఉంటుంది కదా. స్క్రూడ్రైవర్ ఎక్కడ ఆనించాలో తేల్చుకునేలోపే అది అయిపోతుంది.

మర్నాడు తెల్లవారుతూనే సారు వచ్చి స్టార్ట్ చేశాడు. చప్పుడు వచ్చింది, పోయింది. మామ మా ఆయనను అడిగాడు.

“సప్పుడెట్లుండెరా?”

“గరగర అన్నది నాయినా.”

“గరగరనా, టకటకనా, గలగలనా?”

“ఏదో ఒకటి. సప్పుడు సప్పుడే గద.”

“పొద్దుగాల నీకు సద్దన్నం బెట్టినా, బిర్యానీ బెట్టినా బువ్వ బువ్వే అంటవు గావచ్చు.”

నా వంటగది కిటికీ షెడ్డులోకే తెరుచుకుంటుంది. నేను అక్కడ నిలబడి ఉన్నాను. ఆ చప్పుడు నా చెవిలో ఇంకా ఉంది. మా ఆయన దాన్ని చెప్పలేకపోతున్నాడు. చింతపండు దంచి తీసిన గింజలు ఒక రేకు డబ్బాలో దాచి పెట్టుకున్నాను. ఆ డబ్బా తీసి కిటికీ దగ్గర ఊపాను. ముందు గట్టిగా, తర్వాత చిన్నగా, మూడు లెక్కపెట్టేలోగా ఆపేశాను.

షెడ్డులో అందరూ కిటికీ వైపు తిరిగారు.

“గదెవలు?” అన్నాడు మామ.

“కోడలు” అంది అత్తమ్మ.

“ఇంకోసారి ఊపుమను.”

“ఇంకోసారి ఊపుమంటాండు” అంది అత్తమ్మ, నేను చెవిటిదాన్ని అయినట్టు.

ఊపాను. ఈసారీ మూడు లెక్క తప్పలేదు. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. కిటికీ అవతల ఆయన తల మాత్రమే కనిపించింది. నెరిసిన జుట్టు మీద రేకుల సందుల్లోంచి ఎండ పడుతోంది.

“లోపల చైన్ వదులైతాంది సారూ. రాత్రంత నూనె కిందికి దిగిపోతాంది. పొద్దుగాల నూనె పైకెక్కేదాంక చైన్ కొట్టుకుంటాంది. మూడు లెక్కలల్ల ఆగిందంటే చైన్ మంచిగనే ఉంది. నూనెను నిలబెట్టే ఫిల్టరే దొంగది. ఇంజన్ విప్పుడు లేదు, ఏం లేదు.”

ఫిల్టర్ ఒక్కటి మార్చాడు. కారును మళ్ళీ రాత్రంతా ఉంచాడు. మర్నాడు పొద్దున సారు స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు. సారు కారు దిగి అటూ ఇటూ చూసి, కిటికీ వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. నేను పొయ్యి దగ్గరికి పరుగెత్తాను.

అప్పటి నుంచి పొద్దున చప్పుడు చేసే బండ్లన్నీ నా కిటికీ ముందే నిలిచేవి. నా దగ్గర మూడు సామాన్లు ఉండేవి. చైన్ చప్పుడుకు చింతగింజల డబ్బా. ఇంజన్ పైభాగంలో టకటకకు గిన్నె మూత మీద చెంచా. వదులైన రేకు గలగలకు పళ్ళెంలో గాజులు. ఏది దేనికని నేర్పింది ఆయన కాదు. నేను వినిపించేదాన్ని, ఆయన దాని పేరు చెప్పేవాడు. ఆ పేర్లు నేను నేర్చుకోలేదు. అడగాలంటే మాట్లాడాలి కదా.

ఆయన గురించి చిన్న చిన్నవి ఎన్నో ఉన్నాయి. విప్పిన నట్లను విప్పిన వరసలోనే పాత పేపరు మీద పేర్చేవాడు. ఆ పేపరును దాటితే అత్తమ్మనైనా ఊరుకునేవాడు కాదు. చేతులు కిరోసిన్‌తో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు కడిగితే తప్ప మంచినీళ్ళ చెంబు ముట్టేవాడు కాదు. తెలియని జబ్బుతో బండి వస్తే “నాకు తెల్వది” అని గట్టిగా, నలుగురిలో చెప్పేవాడు. “తెల్వదని జెప్పుడు గూడ పనే. అది రాకనే సగం ఇంజన్లు ఖరాబైతున్నయి” అనేవాడు. నేను టీ గ్లాసు కిటికీలో పెట్టి డబ్బా ఒకసారి ఊపితే వచ్చి తీసుకునేవాడు. ఏటూరునాగారం దిక్కు జాతరకు పోయి వచ్చినప్పుడు నాకోసం మూత బిగువుగా ఉండే కొత్త రేకు డబ్బా కొనుక్కొచ్చాడు. అత్తమ్మ చేతికి ఇచ్చి, “పాతదానికి తుప్పు వట్టింది, సప్పుడు మారుతాంది. ఇది ఇయ్యి” అన్నాడు. ఆ డబ్బానే ఇప్పుడూ నా దగ్గర ఉంది.

ఇక రాయాల్సింది రాస్తాను.

ఈ చలికాలం మొదలయ్యాక ఆయన వసారాలో మంచం మీద దిండ్లు పెంచుకుంటూ పోయాడు. ముందు ఒకటి, తర్వాత రెండు. ఒకరోజు షెడ్డులోంచి ఏదో పాత కారు సీటు ఈడ్చుకొచ్చి మంచం తలాపున పెట్టుకుని, దానికి ఆనుకుని పడుకున్నాడు.

“ఇదేం యేషం?” అంది అత్తమ్మ.

“కార్ల పండుకునే నసీబు నాకు గిట్లనన్న రానియ్యే.”

అందరం నవ్వాం. నేనూ తలుపు వెనక నవ్వాను.

పొద్దున్నే వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లేది నేనే. ఇంట్లో నాకంటే ముందు ఎవరూ లేవరు. వసారా పక్క నుంచి పోతుంటే ఆయన ఊపిరిలో ఒక చప్పుడు వినపడేది. గురక కాదు. గురక నాకు తెలుసు. ఇది లోపల ఎక్కడో నీళ్ళు కదులుతున్న చప్పుడు. ఆయన లేచి, కాళ్ళు కిందికి వేసి కూర్చుని, కాసేపు దగ్గేవాడు. అరగంటలో ఆ చప్పుడు పోయేది. టీ తాగే వేళకు మామూలు మనిషి. మర్నాడు మళ్ళీ. నేను రోజూ చీపురు పట్టుకుని ఒక్క క్షణం నిలబడి వినేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. పెద్ద మనిషి నిద్రలో తీసే ఊపిరి గురించి కోడలు ఏమని చెప్తుంది?

పాదాలు వాచాయని అత్తమ్మ పట్టుబడితే దవాఖానకు బయలుదేరాడు. ఆ రోజు ఆయన చేసింది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఏడుపూ వస్తుంది. పొద్దున్నే లేచి వేడినీళ్ళతో స్నానం చేశాడు. ఉతికిన చొక్కా తొడిగాడు. రెండుసార్లు టీ తాగాడు. ఆటో వద్దని సెంటర్ దాకా నడిచాడు. డాక్టరు ముందు కూర్చునేసరికి మధ్యాహ్నం పన్నెండు. సారు కారును ఏమని తిట్టాడో, తాను సరిగ్గా అలాగే తయారై పోయాడు.

డాక్టరు గొట్టం పెట్టి విన్నాడు.

“పడుకుంటే ఆయాసం వస్తుందా?”

“ఏం లేదు సారూ.”

డాక్టరు మా ఆయన వైపు చూశాడు. “ఏం లేదు సార్, మంచిగనే తిరుగుతడు” అన్నాడు మా ఆయన. తెల్లవారుజామున తను నిద్రలో ఉంటాడు. ఆయనకేం తెలుసు?

నేను నీళ్ళ సీసా, పాత చీటీలు పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాను. ఆ గదిలో ఆ చప్పుడు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మామ లేదన్నదాన్ని, ఆయన ముందే, పరాయి మగవాడితో, ఉందని ఎలా అనడం? చేతిలోని చీటీలు మడత పెట్టుకుంటూ నిలబడ్డాను. రోజంతా నిలబడి పని చేస్తే పాదాలు వాస్తాయని డాక్టరు మాత్రలు రాశాడు. దగ్గుకు మందు రాశాడు. బయటికి వచ్చాం.

మూడు రోజులకు ధైర్యం చేసి అత్తమ్మకు చెప్పాను. “ముసలోనికి కఫం ఉండదానె?” అంది ఆమె. దాని మీద నేను ఇంకేమీ అనలేదు. ఇంకో వారం పోయింది. పొద్దుటి చప్పుడు ముందు కంటే ఎక్కువసేపు ఉంటోంది. అరగంట కాస్తా గంటయింది. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. లెక్కపెట్టడం తప్ప నేను చేసింది లేదు.

రెండోసారి వేరే దవాఖానకు పోయాం. అప్పటికి ఆయన సెంటర్ దాకా నడవలేడు. ఆడ డాక్టరు. మళ్ళీ అదే మధ్యాహ్నం వేళ. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు కాబట్టి చప్పుడు అంతగా లేదు. ఆమె పరీక్షలకు చీటీ రాసి, “రేపు రండి” అంది. దారిలో ఆయనకు దాహమైతే కొన్న కొబ్బరి బోండం నా చేతిలోనే ఉంది. బోండంలోని స్ట్రాతో అడుగున మిగిలిన నీళ్ళు ఒక్కసారి పీల్చి, వదిలి, మళ్ళీ పీల్చాను. గురగురమంది. గదిలో అందరూ నా వైపు చూశారు.

“ఏంజేస్తున్నవే?” అన్నాడు మా ఆయన.

డాక్టరమ్మ నవ్వలేదు. “ఏం చప్పుడమ్మా అది?”

“మామకు గిట్లొస్తాంది” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “పొద్దుగాల. పండుకుంటెనే. లేచి కూసుంటే జరసేపటికి పోతది. ఇప్పుడు ఇంటే ఇనవడది మేడం.”

మామ తల తిప్పి నన్ను చూశాడు. నేను తల వంచుకుని, పెళ్ళయిన ఈ నాలుగేళ్ళలో మొదటిసారి ఆయనతో మాట్లాడాను.

“మామా, రాత్రికి ఈడ్నే ఉందాం. సల్లవడ్డంక జూస్తరు.”

ఆయన ముఖం మెల్లగా విప్పారింది. “నా మాట నాకే జెప్తున్నవా బిడ్డా?” అన్నాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. “ఎన్నొద్దుల సంది ఇంటున్నవ్?”

“చలి మొదలైన కాడికెల్లి.”

ఆయన తన చేతులు చూసుకున్నాడు.

“నాకు ఇనవడలే బిడ్డా. దమ్ము ఆడుత లేదని తెలుసు గని, సప్పుడు ఇనవడలే. నీ చెవుల్తోనే గద నేను ఇనేది.”

ఆయన తిట్టినా బాగుండేది. ఆ మాటలో నన్ను తప్పుపట్టింది ఏమీ లేదు. అందుకే అది నన్ను వదలడం లేదు.

ఆ రాత్రి అక్కడే ఉంచుకున్నారు. తెల్లవారి డాక్టరమ్మ వచ్చి, ఆయనను కొంచెం వెనక్కి పడుకోబెట్టి వీపు మీద గొట్టం పెట్టింది. చాలాసేపు విన్నది. గుండె ఉబ్బి బలహీనమైందని, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని మా ఆయనకు చెప్పింది. “కొన్ని రోజుల ముందు ఈ చప్పుడు వినుంటే...” అని, నన్ను చూసి ఆపేసింది. నేను ఆమెను అడగలేదు. మిగతా మాట నాకు తెలుసు.

నాలుగో రోజు తెల్లవారుజామునే పోయాడు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదని అందరూ అన్నారు. అత్తమ్మ కూడా నన్ను దగ్గరికి తీసుకుని, “నువ్వన్న ఇన్నవు, మేం అది గూడ ఇనలే” అంది. ఆ మాట ఆమె మనసులోంచే వచ్చింది. కానీ విన్నదానికీ చెప్పినదానికీ మధ్య ఎన్ని రోజులు పోయాయో లెక్కపెట్టినదాన్ని నేనే.

మొన్న సాయంత్రం లెక్కల సారు కారు తెచ్చి షెడ్డులో పెట్టాడు. మామ లేడని ఆయనకు తెలుసు. చావుకు వచ్చి పోయాడు.

“మళ్ళ సప్పుడొస్తాందమ్మా. వేరే కాడికి పోబుద్ధి గాలె. రాత్రికి ఉంచి పోత” అని తాళం జేబులో వేసుకుని ఆటో ఎక్కాడు.

వద్దని చెప్పలేకపోయాను. తెల్లవారి ఆయన వచ్చేసరికి వాకిలి చల్లి, డబ్బా పట్టుకుని బయటే ఉన్నాను. చేయి వెనక్కి తిప్పి బానెట్ మీద పెట్టాను. మంచులా ఉంది. సారు స్టార్ట్ చేశాడు. ఒకటి, రెండు, మూడు దాటింది. ఏడు దాకా పోయి ఆగింది. మూడైతే ఫిల్టర్ అని నాకు తెలుసు. ఏడైతే ఏమిటో మామ చెప్పి పోలేదు. నేను అడగలేదు. ఈ చప్పుడును ఇప్పటికిప్పుడు డబ్బాతో అచ్చం వినిపించగలను. దాని పేరు మాత్రం నాకు తెలియదు.

“ఏమంటవమ్మా?” అన్నాడు సారు, అద్దం దించి.

“నాకు తెల్వది సారూ” అన్నాను. మామ అన్నట్టే గట్టిగా అందామనుకున్నాను గానీ, చిన్నగానే వచ్చింది.

సారు తల ఊపాడు. ఇంజన్ ఆపలేదు, కదలనూ లేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. నేను కళ్ళు తుడుచుకోవడానికి డబ్బాను బానెట్ మీద పెట్టాను. బండి వేడెక్కింది. చప్పుడేమీ లేదు. రేకు డబ్బాలో చింతగింజలు మాత్రం ఇంజన్ అదురుకు సన్నగా, ఆగకుండా కదులుతున్నాయి.